ఏజెన్సీ బడిలో టీచర్‌కు ఎన్ని భాషలు రావాలి?

క్లుప్తంగా: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసే టీచర్లలో చాలామందికి మూడు నాలుగు భాషలు వచ్చు. అయినా ఒకటో తరగతి పిల్లల ఇంటిభాష వచ్చిన టీచర్ ఆ తరగతిలో ఉంటారన్న హామీ లేదు. టెట్ (టీచర్ అర్హత పరీక్ష), డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష), బదిలీల కౌన్సెలింగ్ మూడూ ఆ భాషను లెక్కలోకి తీసుకోకపోవడం ఇందుకు ప్రధాన కారణం. మాట్లాడటం వచ్చినంత మాత్రాన ఆ భాషలో పాఠం చెప్పడం రాదన్నది రెండో కారణం. ఈ రెండూ ఎలా ఏర్పడ్డాయో, మార్చడానికి ఉన్న దారులేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఏజెన్సీలో టీచర్ పోస్టులు ఎవరికి దక్కాలన్న వాదన, ఆ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో నంబర్ 3 2020లో రద్దయినప్పటి నుంచి నడుస్తూనే ఉంది. ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ కావాలని ఆదివాసీ సంఘాలు అడుగుతున్నాయి. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పును దాన్ని వ్యతిరేకించేవాళ్లు చూపిస్తున్నారు. ఈ వాదనలో ఒక ప్రశ్న పక్కకు జరిగిపోయింది. బడిలో చేరిన ఆరేళ్ల పిల్ల ఇంట్లో మాట్లాడే భాష, ఆ పిల్లకు అక్షరాలు నేర్పే టీచర్‌కు వచ్చా, రాదా?

ఏజెన్సీలో మూడు భాషా కుటుంబాలు

ఉట్నూరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఒక్కో మండలంలో గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, తెలుగు, ఉర్దూ వినిపిస్తాయి. సీతంపేట వైపు సవర. పాడేరు, అరకు కొండల్లో కువి, కొండ భాష, ఆదివాసీ ఒడియా, తెలుగు. భద్రాచలం, చింతూరు చుట్టూ కోయ. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద గోండి మాట్లాడేవాళ్లు 29.8 లక్షలు, సవర 4.09 లక్షలు, కోయ 4.07 లక్షలు, కొలామి 1.28 లక్షలు. లంబాడీ మాట్లాడే 32.8 లక్షల మందిని మాత్రం ఆ లెక్కలు హిందీ కిందనే చూపించాయి. అందువల్ల ఏ భాషకు ఎంతమంది టీచర్లు కావాలన్న లెక్క మొదటి మెట్టులోనే తప్పుతుంది.

ఇవన్నీ 'గిరిజన భాషలు' అన్న ఒకే మాట కింద చలామణీ అవుతున్నా, వాటి మధ్య దూరం చాలా ఎక్కువ. గోండి, కోయ, కొలామి, కువి, కొండ తెలుగులాగే ద్రావిడ భాషలు. లంబాడీ ఇండో ఆర్యన్ భాష, హిందీకి, గుజరాతీకి, రాజస్థానీకి దగ్గర. సవర ముండా కుటుంబానిది, తెలుగుతో పుట్టుక సంబంధమే లేదు. తెలుగు టీచర్ కొన్ని నెలలు శ్రద్ధ పెడితే గోండి వాక్యం తీరు పట్టుబడుతుంది, ఎందుకంటే కర్త, కర్మ, క్రియల వరస, విభక్తుల పద్ధతి అతనికి కొత్తవి కావు. అదే శ్రద్ధతో సవర నేర్చుకోబోతే అంతకు ఎన్నో రెట్లు సమయం పడుతుంది. అందుకే టీచర్లందరికీ ఒకే రకంగా నాలుగు రోజుల 'గిరిజన భాషల శిక్షణ' పెట్టడం వల్ల పెద్దగా ఫలితం ఉండదు.

తప్పు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే

పిల్లల భాష తెలిసిన టీచర్‌కూ తెలియని టీచర్‌కూ ఉన్న అసలు తేడా పాఠం చెప్పేటప్పుడు కన్నా, తప్పులు దిద్దేటప్పుడు బాగా బయటపడుతుంది.

లింగం సంగతి చూడండి. తెలుగు క్రియలో పురుషుడికి 'వచ్చాడు', స్త్రీకీ జంతువుకీ వస్తువుకీ 'వచ్చింది'. గోండిలో, కొలామిలో కూడా దాదాపు ఇదే విభజన. కాబట్టి ఆ పిల్లలకు ఇక్కడ తడబాటు తక్కువ. సవరలో క్రియకు లింగభేదం ఉండదు. సవర పిల్ల 'అక్క వచ్చాడు' అని రాస్తే అది అశ్రద్ధ వల్ల వచ్చిన తప్పు కాదు. ఆ పిల్ల భాషలో లేని ఒక విభజనను కొత్తగా నేర్చుకునే దశ అది. హిందీ పాఠానికి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. కుర్చీకీ, పుస్తకానికీ కూడా లింగం ఉండే హిందీ పద్ధతి లంబాడీ పిల్లలకు ఇంట్లో అలవాటైనదే. గోండి పిల్లలకు అది పూర్తిగా కొత్త. ఒకే తరగతిలో ఒకే ప్రశ్నకు ఈ పిల్లలు చేసే తప్పులు వేరువేరుగా ఉంటాయి, వాటి కారణాలూ వేరు. కారణం తెలియని టీచర్ చేతిలో అవన్నీ ఒకేలాంటి ఎర్ర గీతలవుతాయి.

ధ్వనుల విషయం కూడా అంతే. సవరలో గొంతు ఒక్క క్షణం బిగబట్టి వదిలే ధ్వని ఉంది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. తెలుగు అక్షరాలతో తన మాటలు రాయబోయే పిల్ల అక్కడ ఆగిపోతుంది. ఆ ఆగడం ఎందుకో తెలిసిన టీచర్ ఒక గుర్తు పెట్టుకుని ముందుకు సాగుతారు.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది అంకెల లెక్క. సంప్రదాయ సవర లెక్కలో పన్నెండు దాకా సొంత పేర్లున్నాయి. పదమూడును 'పన్నెండు మీద ఒకటి' అంటారు, పంతొమ్మిది దాకా అదే వరస. ఇరవై తర్వాత ఇరవైల కట్టలు. అంటే ముప్పై మూడు వాళ్ల లెక్కలో ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభై మూడు నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. బడిలో నేర్పే దశాంశ పద్ధతిలో అదే సంఖ్య తొమ్మిది పదులు, మూడు ఒకట్లు. పిల్లలకు లెక్క రాకపోవడం ఇక్కడ సమస్య కాదు. ఇంట్లో ఒక చక్కటి లెక్క నడుస్తుంటే బడి దాన్ని చూడకుండా మరో లెక్కను మొదటి నుంచి మొదలుపెడుతోంది. సంతకు వెళ్లే సవరల్లో తెలుగు అంకెలు వాడేవాళ్లూ ఉన్నారు, అందరి ఇళ్లలో పాత లెక్కే ఉంటుందని అనుకోకూడదు. ఉన్నచోట మాత్రం స్థానవిలువ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో సవర తెలిసిన టీచర్‌కు అర్థమవుతుంది.

'భాష వచ్చు' అంటే ఎంత వచ్చు?

ఏజెన్సీలో పదేళ్లు పనిచేసిన టీచర్‌ను అడిగితే 'గోండి వచ్చు' అనే చెబుతారు, అందులో అబద్ధం లేదు. హాజరు వేయడం, నీళ్లు తాగి రమ్మనడం, తల్లిదండ్రులతో నాలుగు మాటలు మాట్లాడటం ఆ గోండితో జరిగిపోతాయి. భిన్నాలు వివరించడానికి, కథ చదివి 'అలా ఎందుకు చేశాడంటావు?' అని అడగడానికి, పిల్ల చెప్పిన పొడవాటి జవాబు పట్టుకోవడానికి అది చాలదు.

కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో చేసిన విభజన ఇక్కడ పనికొస్తుంది. రోజువారీ సంభాషణకు కావలసిన భాష ఒకటి, పాఠ్యాంశాన్ని ఆలోచించి చెప్పడానికి కావలసిన భాష మరొకటి అని ఆయన చెప్పారు. మొదటిది ఒకటి రెండేళ్లలో వచ్చేస్తుంది. రెండోది రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు. ఆయన దీన్ని పిల్లల గురించి చెప్పినా, టీచర్లకూ సరిగ్గా వర్తిస్తుంది. గూడెం పిల్లాడు రెండో తరగతికల్లా తెలుగులో గలగలా మాట్లాడేస్తాడు. టీచర్ 'వీడికి తెలుగు వచ్చేసింది' అనుకుంటారు. నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానం పుస్తకం ముందు వాడు మౌనంగా కూర్చుంటే కారణం తెలివి తక్కువనో, ఇంట్లో పట్టించుకోరనో తేలుస్తారు. సంత తెలుగుకూ పుస్తకం తెలుగుకూ మధ్య ఉన్న దూరం ఎవరి కంటా పడదు.

ఆదివాసీ టీచర్ల విషయంలో మరో చిక్కుంది, దీని గురించి చర్చ దాదాపు లేదు. గోండు యువకుడు టీచర్ అయ్యాడనుకుందాం. ఇంట్లో గోండి మాట్లాడుతూ పెరిగాడు. ఆశ్రమ పాఠశాలలో తెలుగులో చదివాడు, డీఎడ్ (టీచర్ శిక్షణ కోర్సు) తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో చేశాడు. గోండిని ఏనాడూ చదవలేదు, రాయలేదు. గుణకారం, ఆవిరి, సరిహద్దు లాంటి వాటిని గోండిలో ఎలా చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు. అందుకే మాతృభాషే అయినా బోర్డు ముందు నిలబడగానే తెలుగులోకి మారిపోతాడు. మైదానం నుంచి వచ్చిన టీచర్‌కు భాష నేర్పాలి, స్థానిక టీచర్‌కు ఆ భాషలో పాఠం చెప్పడం నేర్పాలి. రెండూ వేరువేరు శిక్షణలు.

గిడుగు, మార్లవాయి: ముందే జరిగిన పని

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) సవర తెలిసిన మనుషులను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవరలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన సవర భాషా గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది, 1938లో నిఘంటువు వచ్చింది. తెలుగువాళ్లు ఆయన్ను వ్యావహారిక భాషా ఉద్యమ నాయకుడిగా తలుచుకుంటారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. ఆయన చేసిన ఈ రెండు పనులనూ విడదీసి చూడటం సరికాదు. పిల్లలకు వచ్చిన భాషలో బడి నడవాలన్న పట్టుదలే రెండు చోట్లా కనిపిస్తుంది. ఆగస్టు 29 సభల్లో సవర ప్రస్తావన ఒక వాక్యంతో ముగిసిపోవడం బాధాకరం.

రెండో ఉదాహరణ ఆదిలాబాద్‌లోది. కొమురం భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను గోండుల పరిస్థితి పరిశీలించడానికి పంపింది. ఆయన సలహాతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. కాస్త చదువుకున్న గోండులను తీసుకుని, దేవనాగరి లిపిలో అచ్చయిన గోండి వాచకాలతో వాళ్లకు శిక్షణ ఇచ్చారు. అప్పటి హైదరాబాద్ రాజ్యంలో అధికార భాష ఉర్దూ, ఆ చుట్టుపక్కల వ్యవహారం మరాఠీలో. కాబట్టి అక్కడి గోండు టీచర్ గోండితో మొదలుపెట్టి పిల్లలను ఇతర భాషల వైపు నడిపించాలి. అంటే ఆ టీచర్ పనే బహుభాషా పని. రాజ్యం మారాక, సరిహద్దులు మారాక గోండి మాధ్యమం ఆగిపోయింది, బడులు తెలుగులోకి వచ్చాయి. ఒక పథకం భాషను కాపాడినా, దాని చుట్టూ ఉన్న పాలనా భాష మారితే ఆ పని నిలవదని మార్లవాయి అనుభవం చెబుతోంది.

2004 ప్రయోగం, ఒడిశా దారి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో మాతృభాష ఆధారిత బహుభాషా విద్య మొదలుపెట్టింది. గోండి, కోయ, కొలామి, బంజారా (లంబాడీ), కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, ఈ ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి. 240 బడులతో ప్రారంభం. లిపి తెలుగే. మొదట ఇంటిభాషలో చదవడం, రాయడం, తర్వాత మెల్లగా తెలుగు వాటా పెంచుతూ ప్రాథమిక దశ ముగిసేసరికి తెలుగులోకి వెళ్లడం అన్నది పద్ధతి. తెలుగు లిపి ఎంచుకోవడం వల్ల ఒకసారి నేర్చిన అక్షరాలు రెండు భాషలకూ పనికొస్తాయి. అయితే సవరకు సొరంగ్ సొంపెంగ్, గోండికి గుంజాల లిపి లాంటి సొంత లిపులు ఉన్నవాళ్లు ఇందుకు ఒప్పుకోకపోవడానికి కూడా కారణాలున్నాయి.

ఒడిశా 2006 నుంచి ఇలాంటి కార్యక్రమాన్నే పది భాషలతో నడిపి, తర్వాత 21 భాషలకు విస్తరించింది. పుస్తకాల వరకు రెండు రాష్ట్రాలూ ఒకేలా కనిపిస్తాయి. తేడా టీచర్ల దగ్గర ఉంది. ఒడిశా ఆయా భాషలు వచ్చినవాళ్లను బహుభాషా విద్యా టీచర్లుగా విడిగా నియమించింది. మన దగ్గర ఆ బరువు ఎక్కువగా మాతృభాషా వాలంటీర్ల మీద పడింది. వాళ్లది కొద్దిపాటి గౌరవ వేతనం, ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూపు. రెగ్యులర్ టీచర్ రెండో గదిలో తెలుగు చెబుతుంటే, పిల్లలకు అర్థమయ్యే భాష మాట్లాడే మనిషి ఆ బడిలో అందరికన్నా తక్కువ జీతగాడు, అందరికన్నా ముందు ఉద్యోగం పోయే మనిషి. ఈ ఏర్పాటు ఎంత మంచి వాచకాన్నైనా నీరుగారుస్తుంది.

నియామకాల లెక్కలో ఇంటిభాష ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్ టెట్‌లో మొదటి భాషగా తెలుగు, ఉర్దూ, హిందీ, కన్నడ, తమిళం, ఒడియా లాంటివి ఎంచుకోవచ్చు. తెలంగాణలో మరాఠీ, బెంగాలీ, గుజరాతీ కూడా ఉన్నాయి. సరిహద్దు జిల్లాల మైనారిటీ మాధ్యమ బడుల కోసం ఏర్పడిన జాబితాలివి. గోండి, సవర, కోయ, లంబాడీ అందులో లేవు. భాషా పండిట్ పోస్టులూ ఇదే దారిలో నడుస్తాయి. డీఎస్సీ మెరిట్‌లో 80 శాతం రాతపరీక్ష, 20 శాతం టెట్. మాట్లాడించి చూసే దశ అసలు లేదు. ఇంటర్వ్యూ ఉంటే సిఫారసులకు చోటుంటుందన్న భయం న్యాయమైనదే. దాని వల్ల ఒక భాషను నోటితో పరీక్షించే వీలు కూడా పోయింది.

జీవో నంబర్ 3 సంగతికి వద్దాం. 2000 జనవరిలో గవర్నర్ అధికారాలతో వచ్చిన ఈ ఉత్తర్వు షెడ్యూల్డ్ (ఏజెన్సీ) ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. మైదానం నుంచి వచ్చే టీచర్లు బడికి సరిగా రాకపోవడం అప్పటి వాదనల్లో ప్రధానమైనది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో ఉండనిచ్చింది.

ఈ ఉత్తర్వు వల్ల బడుల్లోకి స్థానిక టీచర్లు వచ్చారు, ఎందరో ఆదివాసీ కుటుంబాలకు మొదటి ప్రభుత్వ ఉద్యోగం దక్కింది. ఆ మేలు చిన్నది కాదు. అయితే అది చూసింది తెగను, స్థానికతను. భాషను చూడలేదు. షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నవాళ్లంతా ఒకే భాష మాట్లాడరు. లంబాడీ టీచర్ కొలాం గూడానికి, తెలుగు మాత్రమే మాట్లాడే గిరిజన టీచర్ సవర గూడానికి వెళ్లిన చోట పిల్లలకు బడి భాష పరాయిగానే ఉండిపోయింది. ఎస్టీ రిజర్వేషన్, భాషా అర్హత వేరువేరు అవసరాలు తీరుస్తాయి. ఒకటి ఉంటే రెండోది దానంతటదే వచ్చేస్తుందన్న నమ్మకం ఈ చర్చలో చాలా అయోమయానికి మూలం.

బదిలీలతో సమస్య మళ్లీ మొదటికొస్తుంది. ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండితే తప్పనిసరి బదిలీ. కౌన్సెలింగ్‌లో పాయింట్లు సర్వీసుకు, ఊరి కేటగిరీకి, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైన స్పౌజ్ కేసుకు ఉంటాయి. కష్టపడి కువి నేర్చుకున్న టీచర్‌కు దాని వల్ల ఒక్క పాయింటూ రాదు, ఆ టీచర్‌ను కువి బడిలోనే ఉంచాలన్న నియమమూ లేదు.

ఇంగ్లిష్ మీడియం వచ్చాక

తెలంగాణ ప్రభుత్వ బడులు 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి చేసిన 2019 నాటి ఉత్తర్వును హైకోర్టు 2020లో కొట్టేసినా, ఇంగ్లిష్ మీడియం విస్తరణ ఆగలేదు. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉండే ద్విభాషా పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. తెలుగు ఇంటి పిల్లలకు ఇది మంచి ఆసరా. గోండి ఇంటి పిల్లలకు మాత్రం ఆ రెండు పేజీలూ పరాయి భాషలే. టీచర్ ఇంగ్లిష్‌ను తెలుగులోకి మార్చి చెబుతారు, తెలుగును గోండిలోకి పిల్లలే మనసులో మార్చుకోవాలి.

తరగతిలో ఇతర భాష వాడితే ఇంగ్లిష్ చెడిపోతుందన్న నమ్మకం మన ప్రైవేటు బడుల్లో ఇప్పటికీ బలంగా ఉంది. 1961లో ఉగాండాలోని మకెరెరెలో జరిగిన సదస్సు ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే బోధించాలన్న ఆలోచనకు పెద్ద ఊతమిచ్చింది. ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లే మంచి టీచర్లన్న భావన కూడా దానితోపాటే వ్యాపించింది. 1992లో భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ ఈ రెండు సూత్రాలనూ ఆధారం లేనివని విమర్శించారు. తాను నేర్పే భాషను తానే కష్టపడి నేర్చుకున్న టీచర్‌కు విద్యార్థి ఎక్కడ జారిపడతాడో ముందే తెలుసన్నది ఆయన వాదనలో ముఖ్యమైన భాగం.

అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి తెలుగు తరగతుల్లో 'మనం', 'మేము' మధ్య తేడా చెప్పాలంటే టీచర్ ఇంగ్లిష్‌లోకి దిగుతారు, ఎందుకంటే పిల్లలకు ఆ భాషే బాగా వచ్చు. దాన్ని ఎవరూ లోపంగా చూడరు. అదే పని ఏజెన్సీ టీచర్ సవరలో చేస్తే 'తెలుగు ఎప్పుడు నేర్చుకుంటారు మరి?' అన్న ప్రశ్న వస్తుంది. పిల్లలు నేర్చుకునే తీరు రెండు చోట్లా ఒకటే, పెద్దవాళ్లు ఆ భాషకు ఇచ్చే విలువ మాత్రం వేరు.

మారితే ఎలా మారొచ్చు

చట్టాల్లో చోటు లేకపోలేదు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధించమంది. 2020 జాతీయ విద్యా విధానం ఇంకా ముందుకెళ్లి, నియామకంలో తరగతి ప్రదర్శన లేదా ఇంటర్వ్యూ ఉండాలని, ప్రతి బడిలో కనీసం కొందరు టీచర్లకు పిల్లల ఇంటిభాషలు వచ్చి ఉండాలని సూచించింది. ఇప్పటి డీఎస్సీ విధానంలో ఆ సూచనకు చోటు లేదు.

కోర్టు తీర్పు తర్వాత మిగిలిన దారుల్లో భాషా అర్హత ఒకటి. సవర గూడెం పోస్టుకు సవర వచ్చి ఉండాలన్న షరతు పుట్టుకను చూడదు, పనికి కావలసిన నేర్పును చూస్తుంది. కాబట్టి నూరు శాతం రిజర్వేషన్‌కు ఎదురైన అభ్యంతరం దీనికి అదే రూపంలో వర్తించదు. స్థానికులకు సహజంగానే ఇందులో మొగ్గు ఉంటుంది, నేర్చుకున్న మైదానపు టీచర్‌కూ తలుపు మూసుకోదు. కాకపోతే పరీక్ష పెట్టేదెవరన్న ప్రశ్న ఉంది. కుప్పంలోని ద్రవిడ విశ్వవిద్యాలయం, మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ, విజయనగరం, ములుగుల్లోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు ఈ పనికి తగిన సంస్థలు. మాతృభాషా వాలంటీర్లుగా ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు పరీక్షకులుగానూ శిక్షకులుగానూ పనికొస్తారు. వాళ్ల అనుభవానికి నియామకాల్లో వెయిటేజీ ఇవ్వడం కూడా పెద్ద కష్టం కాదు.

తేలికగా తెగని చిక్కు అరకు లాంటి చోట్ల ఉంది. ఒకే గదిలో కువి పిల్లలు నలుగురు, కొండ భాష పిల్లలు ఆరుగురు, ఆదివాసీ ఒడియా పిల్లలు అయిదుగురు ఉండి, బడికి ఒక్కరే టీచర్ అయితే ఏ భాష అడగాలి? అక్కడ తెగల మధ్య మాటామంతీకి చాలాకాలంగా ఆదివాసీ ఒడియా ఉపయోగపడుతోంది. అలాంటి చోట ఆ ఉమ్మడి భాష వచ్చిన టీచర్, మిగతా భాషలకు ఊరి నుంచే ఒక సహాయకురాలు అన్న ఏర్పాటు నడవగలదు. అందుకు ముందుగా ప్రతి బడిలో పిల్లలు ఇంట్లో ఏం మాట్లాడతారో అడిగి రాసుకోవాలి. బడి రికార్డుల్లో కులం గడి ఉంది, ఆధార్ గడి ఉంది. ఇంటిభాష గడి నింపేటప్పుడు 'తెలుగు' అని రాసేసి వదిలేయకుండా, తల్లిని అడిగి రాస్తే పోస్టుల కేటాయింపుకు కావలసిన మొదటి పట్టిక తయారవుతుంది.